రెండు నగర మోడళ్లను ఒకే ఊరి మీద పోల్చడం ఎలా? బెంగళూరు ఉదాహరణతో

ప్రాజెక్టుల కాలం వచ్చిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. అందరూ విజయవాడ నుంచో వరంగల్ నుంచో వచ్చి బెంగళూరులో ప్లానింగో, రవాణా ఇంజనీరింగో చదువుకుంటున్న పిల్లలే. కుశల ప్రశ్నలయ్యాక అడిగేది ఒక్కటే: "అన్నా, అర్బన్‌సిమ్ మంచిదా, ట్రానస్ మంచిదా? స్లూత్ సరిపోతుందా?"

ఈ మూడూ నగర మోడళ్ల పేర్లే. కత్తి మంచిదా, కత్తెర మంచిదా అన్నట్టుంటుంది. కోయబోయేది వంకాయో, చొక్కా గుడ్డో చెప్పనిదే జవాబు రాదు. ఈసారి ఫోనులో కాకుండా ఒకచోట రాసి పెడుతున్నాను. ఊరు ఎటు పెరుగుతుంది, జనం ఎలా తిరుగుతారు అని లెక్కగట్టే రెండు కంప్యూటర్ మోడళ్లను పక్కపక్కన పెట్టి, దేన్ని ఎంతవరకు నమ్మవచ్చో తేల్చే పద్ధతి ఇది. హైదరాబాదుకైనా విశాఖకైనా మెట్లు ఇవే. గోతులు మాత్రం ఊరిని బట్టి చోటు మారుతుంటాయి.

సిద్ధాంతం నాలుగు మాటల్లో అయిపోతుంది. ఇల్లు, ఆఫీసు ఎక్కడున్నాయన్న దాన్ని బట్టి ప్రయాణం ఉంటుంది. ప్రయాణం ఎంత కష్టమో చూసుకుని జనం ఇల్లు ఎక్కడ తీసుకోవాలో తేల్చుకుంటారు. మొదటిది రేపు ఉదయమే మారవచ్చు, రెండోదానికి ఏళ్లు పడుతుంది. 1964లో ఐరా లౌరీ పిట్స్‌బర్గ్ నగరం కోసం కట్టిన మోడల్ నుంచి నేటి దాకా అందరూ కుస్తీ పడుతున్నది ఈ ముడితోనే.

కావలసినవి

- ఒక్క వాక్యంలో, కాగితం మీద రాసిన ప్రశ్న.
- పోల్చవలసిన రెండు మోడళ్లు. వాటితో పాటు మూడోదిగా "కదలని మోడల్". అదేమిటో నాలుగో మెట్టులో చెబుతాను.
- మూడు వేర్వేరు సంవత్సరాల భూ వినియోగ పటాలు. మొదటి రెండూ మోడల్‌కు పాఠం చెప్పడానికి, మూడోది పరీక్ష పెట్టడానికి.
- రోడ్ల పటం. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ చాలు.
- 2011 జనగణన నుంచి వార్డుల వారీ జనాభా. 2021లో జరగవలసిన జనగణన వాయిదా పడింది కాబట్టి దీనితోనే నెట్టుకురావాలి.
- కొన్ని కూడళ్ల వాహనాల లెక్కలు, కొన్ని దారుల ప్రయాణ సమయాలు.
- క్యూజీఐఎస్ (పటాల మీద పనిచేసే ఉచిత సాఫ్ట్‌వేర్), కాస్త పైథాన్, ఒక స్ప్రెడ్‌షీట్.
- ఒక నోటు పుస్తకం. నవ్వకండి, ఆరో మెట్టులో దానితో పని పడుతుంది.

1. ముందు ప్రశ్న రాయండి, మోడల్ తరువాత

"బెంగళూరు విస్తరణ అధ్యయనం" అనేది శీర్షిక, ప్రశ్న కాదు. "రాబోయే పదేళ్లలో దేవనహళ్లి చుట్టూ ఎంత సాగుభూమి కట్టడాల కిందికి పోతుంది?" అనేది ప్రశ్న. "ఆర్.వి. రోడ్డు నుంచి బొమ్మసంద్రకు మెట్రో వచ్చాక ఎలక్ట్రానిక్ సిటీ ఉద్యోగులు ఇళ్లు ఎక్కడ వెతుక్కుంటారు?" అనేది ఇంకో ప్రశ్న.

మొదటిదానికి స్లూత్ సరిపోవచ్చు. అది ఊరిని చిన్న చిన్న గడులుగా కోసి, పక్క గడి నిండితే ఇది నిండుతుందా, రోడ్డు దగ్గరుందా, నేల వాలుగా ఉందా అని చూస్తుంది. అందులో మనుషులు లేరు, ప్రయాణాలు లేవు, ఛార్జీలు లేవు. రెండో ప్రశ్నకు అది పనికిరాదు. అర్బన్‌సిమ్ కుటుంబాలను, ఉద్యోగాలను, కట్టడాలను విడివిడిగా తీసుకుని ఏడాదికో అడుగు వేస్తుంది. అయితే దాని లోపల ప్రయాణాల లెక్క ఉండదు, వేరే రవాణా మోడల్‌ను తెచ్చి తగిలించాలి. ట్రానస్‌లో భూమి, రవాణా రెండూ ఒకే కప్పు కింద ఉంటాయి. ఊరిని కొన్ని ప్రాంతాలుగా విడగొట్టి, కొన్నేళ్లకో అడుగు చొప్పున నడుస్తుంది.

జాగ్రత్త: అర్బన్‌సిమ్ ఫలితం తేడాగా వస్తే తప్పు దానిదా, మీరు తగిలించిన రవాణా మోడల్‌దా అన్నది విడిగా చూడాలి. వీలైతే పోల్చే రెండు మోడళ్లకూ ఒకే రవాణా లెక్కను ఇవ్వండి.

2. రెండింటికీ ఒకే ప్రశ్నపత్రం ఇవ్వండి

ఇందులో పెద్దవాళ్లే దెబ్బ తిన్నారు. 1980వ దశకంలో ఇస్‌గ్లుటి అనే అంతర్జాతీయ బృందం తొమ్మిది మోడళ్లను పోల్చడానికి పూనుకుంది. మొదటి విడతలో విధాన పరీక్షలు (ఛార్జీలు మారిస్తే ఏమవుతుంది వంటివి) అందరికీ ఒకటే పెట్టారు కానీ, ప్రతి మోడల్ తన సొంత ఊరి మీదే నడిచింది. జవాబులు తేడాగా వచ్చినప్పుడు అది మోడల్ తేడానా, ఊరి తేడానా అన్నది విడదీయడం కష్టమైంది. అందుకే రెండో విడతలో లీడ్స్, డార్ట్‌మండ్ వంటి ఊళ్లను తీసుకుని, ఒక్కో ఊరి మీద ఒకటికి మించి మోడళ్లను నడిపారు.

మీరు నేరుగా రెండో విడత నుంచి మొదలుపెట్టండి. ఒకే సరిహద్దు, ఒకే రోడ్ల పటం, ఒకే మొదటి సంవత్సరం, ఒకే జనాభా. బెంగళూరులో ఈ "ఒకే" అన్న మాట నిలబెట్టుకోవడం కష్టం. ఎక్కడెక్కడ జారిపోతుందో చెబుతాను.

వార్డులు. 2007లో ఏడు నగరసభలు, ఒక పురసభ, 110 గ్రామాలు పాత నగరపాలికలో కలిశాయి. 2001 జనగణన నాటి 100 వార్డులు 2011 నాటికి 198 అయ్యాయి. 2025లో నగరాన్ని ఐదు నగరపాలికలుగా విడగొట్టడంతో గీతలు మళ్లీ మారాయి. నేను మొదటిసారి చేసినప్పుడు వార్డు నంబర్లను నంబర్లతో జత చేసి, కొన్ని శివారు వార్డుల్లో జనాభా ఎన్నో రెట్లు పెరిగిందని సంబరపడ్డాను. పెరిగింది జనం కాదు, వార్డు నంబరు ఇంకో చోటికి వెళ్లింది. నంబర్లను నమ్మకండి. రెండు సంవత్సరాల వార్డులనూ ఒకే చదరపు గడుల మీదికి తెచ్చి, కట్టడాల విస్తీర్ణాన్ని బట్టి జనాభాను పంచండి.

పటం జోను. ఇది ప్రత్యేకంగా మనవాళ్ల పొరపాటు. పటాల కొలతల కోసం భూమిని నిలువు పట్టీలుగా విడగొట్టే పద్ధతిని యూటీఎం అంటారు, ఒక్కో పట్టీ ఒక జోను. హైదరాబాదు, విజయవాడ, విశాఖ మూడూ యూటీఎం 44వ జోనులో ఉన్నాయి. బెంగళూరు 43లో ఉంది. సీనియర్ దగ్గర తెచ్చుకున్న హైదరాబాదు ప్రాజెక్టు ఫైలును తెరిచి పని మొదలుపెడితే జోను కూడా దానితో పాటే వచ్చేస్తుంది. జోను పేరు మాత్రమే మార్చి ఊరుకుంటే బెంగళూరు వెళ్లి బంగాళాఖాతంలో తేలుతుంది. అది నయం, వెంటనే కనబడుతుంది. సాఫ్ట్‌వేర్ తనంతట తాను సర్దితేనే ప్రమాదం. తెర మీద రెండు పొరలూ చక్కగా ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి, లోపల గడులు మాత్రం కాస్త వంకరగా ఉండి ఒకదానితో ఒకటి కలవవు. పరీక్ష సులువే: రెండు పటాల్లోనూ ఊరి నాలుగు మూలల గడులను పెద్దవి చేసి, అంచులు కలిశాయో లేదో చూడండి.

మెట్రో తేదీ. "2023 రోడ్లు, మెట్రో" అని రాసి వదిలేయకండి. ఆ ఏడాది మార్చి 25న వైట్‌ఫీల్డ్ నుంచి కె.ఆర్. పురం దాకా మెట్రో తెరిచారు. అక్కడి నుంచి బయ్యప్పనహళ్లికి దారి అక్టోబరు 9న గానీ కలవలేదు. నడుమ ఆరు నెలలకు పైగా జనం మెట్రో దిగి, బస్సెక్కి, మళ్లీ మెట్రో ఎక్కారు. ఒక మోడల్‌కు తెగిన గీతను, రెండోదానికి కలిసిన గీతను ఇచ్చి తేడాను మోడళ్ల మీదికి నెట్టడం అన్యాయం. నెల కూడా రాయండి.

3. భూ వినియోగ పటం మీద మీరే అనుమానపడండి

ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల చిత్రాలు ఉచితం, ఒక్కో గడి 30 మీటర్లు. పాత తేదీకి 2012ను ఎంచుకోకండి. ల్యాండ్‌శాట్ 5 పని 2011 నవంబరులో ఆగిపోయింది, ల్యాండ్‌శాట్ 8 ఎగిరింది 2013 ఫిబ్రవరిలో. మధ్యలో మిగిలింది 2003 నుంచే చిత్రాల్లో చారలు పడుతున్న ల్యాండ్‌శాట్ 7 ఒక్కటే. 2015 తరువాతి తేదీలకు 10 మీటర్ల గడులున్న సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రం దొరుకుతుంది. అది బాగుంటుంది కదా అని ఒక తేదీకి 30, ఇంకో తేదీకి 10 వాడితే, మారినట్టు కనబడేది ఊరు కాదు, కెమెరా.

వానాకాలం మబ్బులు తప్పించుకోవడానికి అందరూ జనవరి నుంచి మార్చి దాకా తీసిన చిత్రాలు వాడతారు. సరైన పనే. అయితే అప్పటికి చుట్టుపక్కల మడులు కోసేసి ఎర్రమట్టి తేలి ఉంటుంది. దున్నిన రాగి చేను, కొత్తగా చదును చేసిన లేఅవుట్ ఉపగ్రహం కంటికి అక్కచెల్లెళ్లలా కనబడతాయి. బెళ్లందూరు, వర్తూరు చెరువుల మీద గుర్రపుడెక్క పరుచుకున్న ఏడాది చిత్రం తీసుకుంటే చెరువు పచ్చిక బయలుగా నమోదవుతుంది. అనుమానం ఉన్న గడులను ఒక వంద ఏరి, అధిక స్పష్టత ఉన్న చిత్రంలో ఒక్కొక్కటి కంటితో చూసుకోండి. విసుగ్గానే ఉంటుంది. తప్పదు.

ఇంకో సంగతి. మా వీధిలో 30×40 అడుగుల సైటులో ఒక పెంకుటిల్లు ఉండేది. అది పోయి అదే స్థలంలో నాలుగంతస్తుల పీజీ హాస్టల్ లేచింది. ఇప్పుడు గేటు ముందు చెప్పులే నలభై జతలు ఉంటాయి. పొద్దున్నే లోపలి నుంచి గోంగూర పోపు వాసన వస్తుంది. నలుగురున్న చోట అరవై మంది దిగారు. ఉపగ్రహానికి మాత్రం ముందూ కప్పే, తరువాతా కప్పే. పైగా 30×40 అంటే సుమారు 111 చదరపు మీటర్లు, ల్యాండ్‌శాట్ గడి 900. ఒక్క గడిలో అలాంటి సైట్లు ఎనిమిది పడతాయి. కాబట్టి స్లూత్ లెక్కలో మా వీధిలో ఏమీ జరగలేదు. అర్బన్‌సిమ్‌కు కట్టడాల సమాచారం ఇస్తే అది పట్టుకోగలదు. మీ ప్రశ్న ఊరు పక్కకు పెరగడం గురించా, పైకి పెరగడం గురించా అన్నది ఇక్కడ తేలాలి.

మాస్టర్ ప్లాను రంగులను భూ వినియోగంగా వాడవద్దు. 2007లో అమలులోకి వచ్చిన 2015 మాస్టర్ ప్లాను పటంలో పచ్చరంగు వేసిన చోట నేడు రెవెన్యూ లేఅవుట్లు (అనుమతి లేకుండా సాగుభూమిలో వేసిన ప్లాట్లు) ఉండవచ్చు. ప్లాను చెప్పేది ఉండవలసినది, మోడల్‌కు కావలసింది ఉన్నది.

4. కదలని మోడల్‌తో మొదట పోటీ పెట్టండి

"నా మోడల్ 92 శాతం ఒప్పు వచ్చింది అన్నా" అని చెప్పినప్పుడల్లా నేను ఎదురు ప్రశ్న వేస్తాను: ఏమీ మారదని చెప్పి ఇంట్లో పడుకుంటే ఎంత శాతం వచ్చేది? ఆ పడుకున్నదే కదలని మోడల్.

చేత్తో లెక్క చేద్దాం. అంకెలు ఉదాహరణకు నేను వేసుకున్నవి. పటంలో 10,000 గడులు. పరీక్ష కాలంలో నిజంగా 600 గడులు పొలం నుంచి కట్టడాలుగా మారాయి.

కదలని మోడల్ ఏదీ మారదంది. 600 తప్పులు. 94 శాతం ఒప్పు.

సాహసి మోడల్ 600 గడులు మారతాయంది. వాటిలో 200 సరైన చోట పడ్డాయి, 400 లేని చోట చూపించింది. నిజంగా మారిన 400ను వదిలేసింది. మొత్తం తప్పులు 800, ఒప్పు 92 శాతం.

పిరికి మోడల్ 250 మాత్రమే మారతాయంది. 130 సరి, 120 లేని చోట, వదిలేసినవి 470. తప్పులు 590, ఒప్పు 94.1 శాతం.

శాతం చూస్తే పిరికిది గెలిచింది, సాహసి ఏకంగా పడుకున్నవాడి చేతిలో ఓడిపోయింది. ఇప్పుడు ఇంకో కొలత వేయండి. పట్టుకున్నవాటిని, పట్టుకున్నవి, వదిలేసినవి, లేనివి చూపినవి అన్నీ కలిపిన మొత్తంతో భాగించండి. సాహసికి 1,000లో 200, అంటే 20 శాతం. పిరికిదానికి 720లో 130, అంటే 18. కదలనిదానికి సున్నా.

ఎవరు గెలిచినట్టు? మళ్లీ ప్రశ్న దగ్గరికే రావాలి. 2007లో నగరంలో కలిసిన ఆ 110 గ్రామాలకు కావేరి నీళ్లిచ్చే ఐదో దశ ప్రారంభమైంది 2024 అక్టోబరులో. పైపులు ముందుగా ఎటు వేయాలన్నది మీ ప్రశ్న అయితే వదిలేసిన గడి అంటే ట్యాంకరు కోసం ఎదురుచూసే వీధి. అప్పుడు సాహసే మేలు. ఎవరి పొలాన్ని సేకరించాలన్నది ప్రశ్న అయితే లేనిది చూపడం పెద్ద తప్పు. అప్పుడు పిరికిదే మేలు. అందుకే ఒక్క అంకె రాసి ఊరుకోకుండా నాలుగు లెక్కల పట్టిక మొత్తం ఇవ్వండి: పట్టుకున్నవి, వదిలేసినవి, లేనివి చూపినవి, మారవని సరిగ్గా చెప్పినవి.

20 శాతం చూసి కుంగిపోవద్దు. 2008లో ప్రచురితమైన ఒక పోలికలో 13 ప్రయోగాలను పరిశీలిస్తే, 12లో సరిగ్గా పట్టుకున్న మార్పు కంటే తప్పులే ఎక్కువగా ఉన్నాయి.

పక్క గడిలో పడిన అంచనాకు కొంత మార్కు ఇవ్వాలనుకుంటే, ఇదే లెక్కను 300 మీటర్ల గడులతో, తరువాత కిలోమీటరు గడులతో మళ్లీ చేయండి. గడి పెద్దది చేయగానే ఒక మోడల్ చటుక్కున మెరుగుపడి రెండోది అక్కడే ఉండిపోతే, మొదటిదానికి దిక్కు తెలుసు, ఇంటి నంబరు తెలియదు అని అర్థం.

5. రవాణా వైపు సరిచూడటం

కూడలిలో మోడల్ చెప్పిన వాహనాల సంఖ్యకూ, నిలబడి లెక్కపెట్టిన సంఖ్యకూ తేడాను జీఈహెచ్ అనే కొలతతో చూస్తారు. తేడాను వర్గం చేసి, రెండుతో గుణించి, ఆ రెండు సంఖ్యల మొత్తంతో భాగించి, వర్గమూలం తీయడమే. గంటకు 2,000 లెక్కపెట్టిన చోట మోడల్ 2,200 అంటే 4.4 వస్తుంది. 200 ఉన్న చోట 280 అంటే 5.2 వస్తుంది. కొలిచిన చోట్లలో 85 శాతం 5 లోపు ఉండాలన్నది బ్రిటన్ నుంచి వచ్చిన ఆనవాయితీ. ఇది గంట లెక్కలకే, రోజు మొత్తానికి వాడకండి. బైకులు, ఆటోలు, బస్సులను ఒకే కొలమానానికి మార్చేటప్పుడు రెండు మోడళ్లకూ అవే గుణకాలు వాడండి.

అసలు గొయ్యి ఇప్పుడు వస్తుంది. సాయంత్రం ఆరింటికి సిల్క్‌బోర్డు కూడలిలో నిలబడి లెక్కపెడితే మీకు దొరికేది దాటగలిగిన బళ్ల లెక్క. దాటాలనుకున్నవి ఇంకా మడివాళ దగ్గరే హారన్ కొడుతున్నాయి. సినిమా హాలు గేటు దగ్గర చించిన టికెట్లు లెక్కపెట్టి, బయట వరుసలో ఎంతమంది ఉన్నారో చెప్పినట్టు అవుతుంది. మోడల్ ఎక్కువ చూపిందని దాన్ని కిందికి లాగి సరిచేస్తే, కరెక్టుగా ఉన్నదాన్ని చెడగొట్టినవారవుతారు.

దీనికి మందు ప్రయాణ సమయం. సిల్క్‌బోర్డు నుంచి హెబ్బాళకు వెళ్లే 500-డి బస్సెక్కండి. ఇబ్లూరు, మారతహళ్లి, టిన్ ఫ్యాక్టరీ, నాగవార, హెబ్బాళ: ఒక్కో చోట గడియారం చూసి రాసుకోండి. మంగళ, బుధ, గురువారాల్లో ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఆరు ప్రయాణాలతో మోడల్ చెప్పే సమయాలను ముక్కల వారీగా పోల్చవచ్చు. మొత్తం సమయం సరిపోయి ముక్కలు సరిపోకపోతే ఒక చోటి తప్పు ఇంకో చోటి తప్పును కప్పుతోందన్న మాట.

వీలుకాకపోతే ఫోనులోని మ్యాపుల సమయాలు తీసుకోవచ్చు. అవి కారు సమయాలని మరిచిపోకుండా ఉంటే చాలు.

6. ఒకే తోపు తోసి, ఎవరు ఎటు ఒరుగుతారో చూడండి

గతాన్ని సరిగ్గా చెప్పిన మోడల్ విధానం మారినప్పుడు సరిగ్గా చెబుతుందన్న హామీ లేదు. కాబట్టి రెండింటికీ ఒకే మార్పు ఇవ్వాలి: బస్సు ఛార్జీ తగ్గించడం, పెట్రోలు ఖర్చు రెట్టింపు చేయడం, కొత్త మెట్రో గీత వేయడం.

నోటు పుస్తకం పని ఇప్పుడు. మోడల్ నడపక ముందే, ఏమి జరగాలని మీరు అనుకుంటున్నారో తేదీ వేసి రాసుకోండి. నడిపాక రాస్తే, వచ్చిన జవాబే మనం మొదటి నుంచీ అనుకున్నట్టు అనిపిస్తుంది. నాకూ అంతే.

తరువాత మూడు చూడండి. మొదట దిశ: ఛార్జీ తగ్గితే బస్సు ప్రయాణాలు పెరగాలి. పెట్రోలు మండితే ఊరి అంచున ఇళ్ల గిరాకీ తగ్గాలి. రెండోది పరిమాణం: ఛార్జీ 10 శాతం పెరిగితే ప్రయాణికులు 3 శాతం చొప్పున తగ్గుతారనేది అమెరికా నగరాల నుంచి వచ్చిన పాత లెక్క. బెంగళూరుకు అదే వర్తించాలని లేదు, కానీ మోడల్ 30 శాతం అంటే మాత్రం ఎక్కడో సున్నా ఎక్కువ పడింది. మూడోది వేళ. బొమ్మసంద్ర మెట్రో 2025 ఆగస్టులో తెరిచారు, కానీ హోసూరు రోడ్డు వెంట స్థలాలు కొన్నవాళ్లు రైలు కూత వినేదాకా ఆగలేదు. తెరిచిన తరువాతి అడుగులోనే భూమి కదిలే మోడల్ ఈ పరీక్షలో వెనకబడుతుంది. దాన్ని లోపంగా రాయండి, దాచకండి.

2023 జూన్ 11న కర్ణాటకలో మహిళలకు సాధారణ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైంది. అంతకు ముందరి సర్వేతో సరిచేసిన మోడల్‌కు ఇంతకంటే మంచి పరీక్ష దొరకదు. ఛార్జీని అందరికీ కాకుండా సగం మంది ప్రయాణికులకే సున్నా చేయగలదా? చాలా మోడళ్లలో ప్రయాణికులకు ఆదాయం ఉంటుంది, ఆడా మగా తేడా ఉండదు. చేయలేకపోతే ఆ ఒక్క సంగతే మీ నివేదికలో పేజీ నింపుతుంది.

7. మళ్లీ మళ్లీ నడపండి

అర్బన్‌సిమ్, స్లూత్ రెండింటిలోనూ పాచికలు వేసే భాగం ఉంది. ఒక్కసారి నడిపి వచ్చిన పటాన్ని అచ్చు వేయకండి. కనీసం ఇరవై సార్లు నడిపి, ఫలితాలు ఎంత పరిధిలో ఊగుతున్నాయో చూడండి. రెండు మోడళ్ల మధ్య తేడా ఒకే మోడల్ తనలో తాను ఊగే దానికంటే చిన్నదైతే, పోటీ తేలలేదనే రాయాలి.

ట్రానస్ అలా ఊగదు. అంతమాత్రాన ఎక్కువ నమ్మదగినదని కాదు. దానికి ఇచ్చిన అంకెలను అటూ ఇటూ పది శాతం కదిపి చూడండి, ఊగడం అప్పుడు బయటపడుతుంది.

చివరగా ఫోల్డరు మొత్తాన్ని ఈ పని తెలియని క్లాస్‌మేట్ చేతికి ఇచ్చి, మీరు పక్కన లేకుండా నాలుగో మెట్టు పట్టికను మళ్లీ తీయమనండి. అవే అంకెలు వస్తే గైడు దగ్గరికి వెళ్లండి. రాకపోతే ముందుగా జోను 43 అని ఉందో లేదో చూడండి. నాకు వచ్చే ఫోన్లలో సగం అక్కడే ఆగిపోతాయి.